త్సావోఆన్ మానీ గుడి, చైనా: గుడికి ఐదుకి ఐదు, నేను తీసుకున్న గైడ్ టూర్‌కి రెండు

మాది ఒంగోలు వైపు, గ్రానైట్ వ్యాపారం. చీమకుర్తి నుంచి బ్లాక్ గెలాక్సీ ఎగుమతి చేసేవాళ్లలో షియామెన్ పేరు తెలియనివాళ్లు ఉండరు, మార్చిలో అక్కడ జరిగే రాళ్ల ఎగ్జిబిషన్‌కి మన వైపు నుంచి ఏటా జనం వెళ్తూనే ఉంటారు. నేనూ వెళ్లాను. పని అయిపోయాక రెండు రోజులు ఖాళీ దొరికింది. మా దగ్గర బ్లాకులు కొనే చైనా ఆయన ఒకాయన, "రాయితో బతికేవాడివి, ఇంత దూరం వచ్చి జిన్‌జియాంగ్‌లో ఆ మానీ విగ్రహం చూడకుండా పోతే ఎలా" అని గట్టిగా చెప్పాడు. మానీ అంటే మూడో శతాబ్దపు ఒక మత గురువు, ఆయన కథ కింద రాస్తాను. సరే అని ఒక టూర్ మాట్లాడుకున్నాను: కారు, ఇంగ్లీషు వచ్చే గైడు, ఒక పూట. గుడి గురించీ టూర్ గురించీ విడివిడిగా రాస్తాను, ఎందుకంటే రెండింటికీ పొంతన లేదు.

ముందు టూర్ సంగతి. కారు బాగుంది, టైముకి వచ్చింది, గైడ్ కుర్రాడు మర్యాదగానే ఉన్నాడు. కానీ దారంతా బూట్ల ఫ్యాక్టరీల గురించే చెప్పాడు (జిన్‌జియాంగ్ బూట్ల తయారీకి పేరున్న ఊరు, అది నిజమే). గుడి దగ్గర దిగాక "ఇది బుద్ధుడి గుడి, చాలా పాతది, ఫోటోలు తీసుకోండి, ఇరవై నిమిషాల్లో బయల్దేరదాం" అన్నాడు. లోపలికి వెళ్లి చూస్తే ఆ బుద్ధుడికి గడ్డం ఉంది, జుట్టు భుజాల మీద పడి ఉంది. అదేంటని అడిగితే "ఇక్కడి పద్ధతి అంతే" అన్నాడు. మిగిలిన పూటంతా బూట్ల షాపుల్లో గడిచిపోయింది. డబ్బు పోయిందని కాదు నా బాధ. మానీ మతం గుళ్లలో విగ్రహంతో సహా నిలిచింది ఇదొక్కటే అంటారు, అలాంటి చోటికి తీసుకెళ్లి ఆయన పేరు కూడా చెప్పకుండా వెనక్కి తీసుకొస్తే దాన్ని టూర్ అని ఎలా అంటాం? ఆ రాత్రి హోటల్లో కూర్చుని దొరికినంతా చదివాను, మర్నాడు పొద్దున్నే ఒక్కణ్ణే ట్యాక్సీ మాట్లాడుకుని మళ్లీ వెళ్లాను. ఇకమీదట రాసేదంతా ఆ రెండో రోజు చూసిందే.

త్సావోఆన్ అంటే గడ్డి కప్పిన పాక, మన మాటలో పర్ణశాల. హువాబియావో అనే కొండ మొదట్లో ఉంది. సాంగ్ రాజుల కాలంలో నిజంగానే పాక, తర్వాత యువాన్ల, అంటే మంగోలు రాజుల కాలంలో రాతితో కట్టారు. పెద్దది కాదు, మన ఊళ్లలో పాత శివాలయం గర్భగుడి కంటే కాస్త పెద్దదేమో. వెనక గోడ అంటూ వేరే లేదు, కొండ రాయే గోడ, ఆ రాతిలోనే గుండ్రటి గూడు తొలిచి అందులో విగ్రహం చెక్కారు. విగ్రహం ఎత్తు ఒకటిన్నర మీటర్లు, ఇంకో రెండు సెంటీమీటర్లు ఎక్కువ. తల వెనక నుంచి వెలుగు కిరణాలు అలలు అలలుగా గూడు అంచు దాకా పాకుతుంటాయి.

రాయి గురించి చెప్పకుండా ఉండలేను, ఇరవై ఏళ్లుగా క్వారీల్లో బ్లాకులు చూసి మార్క్ చేసే పని నాది. ముఖం ఒక రంగు, లేత పచ్చకి తిరిగిన బూడిద రంగు. చేతులు లేత గులాబీ. ఒంటి మీద బట్ట తెల్లటి బూడిద. మూడూ ఆ రాతిలో సహజంగా ఉన్న రంగులే అని, శిల్పి ఆ పొరలు చూసుకుని ముఖం ఎక్కడ రావాలో చేతులు ఎక్కడ రావాలో కుదుర్చుకున్నాడని చెబుతారు. ముందున్న బల్ల దగ్గర నిలబడి చాలాసేపు చూశాను, అతుకు ఎక్కడా నా కంటికి కనపడలేదు. మనం బ్లాకులో రంగు మారితే మచ్చ అని పక్కన పడేస్తాం, రేటు తగ్గిస్తాం. ఆ శిల్పి ఆ మచ్చనే ముఖం చేశాడు. చేతులు మాత్రం తప్పకుండా చూడండి, ఒళ్లో ఒకదాని మీద ఒకటి, అరచేతులు పైకి, వేళ్లు నిండుగా ఉంటాయి, ఆ గులాబీ రంగు వల్ల అవి ఒక్కటే ప్రాణం ఉన్నట్టు అనిపిస్తాయి. ఛాతీ మీద బట్టకి ముడి వేసి రెండు కొసలు కిందికి వదిలారు, ఆ ముడి మడత దగ్గర ఉలి ఎంత నెమ్మదిగా నడిచి ఉంటుందో పని తెలిసినవాళ్లకి అర్థమవుతుంది.

విగ్రహం పక్కన రాతి మీద అక్షరాలున్నాయి. 1339లో చెన్ జెన్‌జె అనే ఒక భక్తుడు, చనిపోయిన తన తల్లిదండ్రులు త్వరగా బుద్ధుడి లోకంలో పుట్టాలని ఈ విగ్రహం చేయించాడని వాటి సారాంశం. మన గుళ్లలో "ఫలానావారి జ్ఞాపకార్థం" అని గచ్చు మీదా ఫ్యాన్ రెక్కల మీదా రాయిస్తాం చూడండి, అదే మనసు. అమ్మానాన్నల కోసం చేయించాడు, అందుకే ఇవ్వాళ మానీ ముఖం మన కళ్ల ముందు ఉంది.

ఇంతకీ ఈ మానీ ఎవరు? పుట్టింది చైనాలో కాదు. 216లో బాబిలోనియాలో, ఇప్పటి ఇరాక్‌లో, అప్పటి పర్షియా రాజధాని టెసిఫాన్ దగ్గర. తండ్రి నీళ్లలో మునిగి శుద్ధి కావడమే ముఖ్యమనే ఒక చిన్న క్రైస్తవ శాఖలో చేరితే పిల్లవాడు అందులోనే పెరిగాడు. పన్నెండో ఏట ఒకసారి, ఇరవై నాలుగో ఏట ఒకసారి తన "జంట" అనే దివ్యరూపం కనపడి మాట్లాడిందని చెప్పాడు. ఆ తర్వాత ఓడెక్కి మన దేశం వైపు వచ్చాడు, సింధు ప్రాంతం దాకా. తిరిగి వెళ్లి పర్షియా చక్రవర్తి మొదటి షాపూర్‌ని కలిసి, ఆయన కోసం పర్షియన్ భాషలో ఒక పుస్తకమే రాశాడు. మానీ చెప్పింది ఇది: ఇండియాకి బుద్ధుడు, పర్షియాకి జరతుష్ట్ర, పడమటికి యేసు వచ్చారు, అదే వెలుగు, ఇప్పుడు ఆఖరుగా నేను వచ్చాను.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించింది ఆయన ముందుచూపు. మిగతా గురువులు చెప్పి వెళ్లిపోయారు, శిష్యులు తర్వాత రాసుకుని తగువులు పడ్డారు. ఈయన అలా కాకూడదని తన పుస్తకాలు తనే రాశాడు, చదువురానివాళ్ల కోసం బొమ్మల పుస్తకం ఒకటి వేశాడు, ఏ దేశం వెళ్తే ఆ దేశం మాటల్లో చెప్పమని శిష్యులని పంపాడు. పన్నెండు మంది బోధకులు, డెబ్బై రెండు మంది బిషప్పులు, మూడు వందల అరవై మంది పెద్దలు, ఇలా మొత్తం కట్టుదిట్టంగా ఏర్పాటైంది. ఒకే మతం ఈజిప్టులో యేసు మాటల్లో, పర్షియాలో జరతుష్ట్ర దేవతల పేర్లతో, చైనాలో బుద్ధుడి మాటల్లో నడిచింది. చైనా వాళ్లు ఆయన పేరు రాసిన అక్షరాలు, మన "మణి" అనే సంస్కృత మాట రాయడానికి బౌద్ధులు వాడే అక్షరాలే. గుళ్లో ఆయన్ని మోనీ గువాంగ్‌ఫో అంటారు, వెలుగు బుద్ధుడు మానీ అని అర్థం.

లోపల ఉన్న నమ్మకం మాత్రం ఎక్కడైనా ఒకటే. వెలుగు, చీకటి రెండూ మొదటి నుంచీ వేరు. ఒకప్పుడు కలిసిపోయాయి, అందుకే ఈ లోకం ఇలా ఉంది. చెట్టులో, పండులో, మనిషిలో వెలుగు ముక్కలు చిక్కుకుని ఉన్నాయి, వాటిని విడిపించి వెనక్కి పంపాలి. చంద్రుడు ఒక పడవ, విడుదలైన వెలుగు పదిహేను రోజులు అందులో నిండుతుంది, పౌర్ణమికి నిండి, తర్వాత పదిహేను రోజులు ఆ సరుకంతా సూర్యుడికి చేరవేస్తూ ఖాళీ అవుతుంది. ఇది చదివిన రాత్రి హోటల్ కిటికీలోంచి చంద్రుణ్ణి చూశాను, చిన్నప్పటి నుంచీ చూస్తున్న చంద్రుడే కానీ ఆ రోజు వేరుగా కనపడ్డాడు.

సన్యాసులు ఒక రకం, గృహస్థులు ఒక రకం. సన్యాసికి మాంసం లేదు, మద్యం లేదు, పెళ్లి లేదు, ఆకు తుంచకూడదు, పండు కోయకూడదు, ఎందుకంటే అందులో వెలుగుకి నొప్పి. గృహస్థులే తెచ్చి పెట్టాలి, రోజుకి ఒక్క పూట భోజనం. కర్బూజా, దోస లాంటి వాటిలో వెలుగు ఎక్కువ అని వాళ్ల నమ్మకం. జైన మునుల గురించి తెలిసినవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు. తర్వాత క్రైస్తవంలో అంత పెద్ద పండితుడైన అగస్టీన్ కూడా యవ్వనంలో తొమ్మిదేళ్లు ఇందులో గృహస్థుగా ఉన్నవాడే. బయటికి వచ్చాక ఈ మతం మీద అందరికంటే ఎక్కువ రాసింది కూడా ఆయనే, చాలా శతాబ్దాల పాటు యూరప్‌కి మానీ గురించి తెలిసిందంతా శత్రువులు రాసిందే.

చాలా ఏళ్లకి వాళ్ల సొంత పుస్తకాలు బయటపడ్డాయి. జర్మనీలో కొలోన్ యూనివర్సిటీ దగ్గర మానీ జీవితం రాసిన గ్రీకు పుస్తకం ఒకటుంది, పేజీ సైజు నాలుగున్నర సెంటీమీటర్లకి మూడున్నర. అంటే అగ్గిపెట్టె అంత. ఆ అగ్గిపెట్టె అంత పేజీలో ఇరవై మూడు లైన్లు. అంత చిన్నగా ఎందుకు రాశారో తెలియదు గానీ, మడత పంచెలోనో చొక్కా లోపలో దాచుకోవడానికి సరిపోయే సైజు అది.

దాచుకోవాల్సిన అవసరం మాత్రం ప్రతిచోటా వచ్చింది. షాపూర్ తర్వాత కొద్ది ఏళ్లకే మొదటి బహ్రామ్ వచ్చాడు, కర్తీర్ అనే జొరాస్ట్రియన్ పెద్ద పూజారి పట్టుబట్టాడు, మానీని సంకెళ్లు వేసి గుండేషాపూర్ జైల్లో పెట్టారు, ఇరవై ఆరు రోజులకి ఆ గొలుసుల బరువుతోనే పోయాడు. 274 అని కొందరు, 277 అని కొందరు అంటారు. 302లో రోమ్ చక్రవర్తి డయోక్లీషియన్ వీళ్ల పెద్దల్ని పుస్తకాలతో సహా తగలబెట్టమన్నాడు, వీళ్లు శత్రుదేశం పర్షియా నుంచి వచ్చినవాళ్లని అనుమానం. పర్షియాలో చూస్తే వీళ్లు ద్రోహులు. తర్వాత క్రైస్తవ చక్రవర్తులు, ఆ తర్వాత బాగ్దాద్ ఖలీఫాలు. పదో శతాబ్దంలో బాగ్దాద్‌లో ఇబ్న్ అల్-నదీమ్ అనే ఆయన, ఒకప్పుడు ఈ ఊళ్లో నాకు మూడొందల మంది మానీ మతస్థులు తెలుసు, ఇప్పుడు ఐదుగురు కూడా లేరు అని రాసుకున్నాడు. ఒక మనిషి జీవితకాలంలోనే మూడొందలు ఐదు లోపుకి వచ్చింది.

తూర్పున మాత్రం ఒకసారి రాజయోగం పట్టింది. మధ్య ఆసియాకి చెందిన సోగ్డియన్ వర్తకులు సిల్క్ రూటులో సరుకుతో పాటు ఈ మతాన్ని మోసుకెళ్లారు. 763 ప్రాంతంలో, చైనాకి ఉత్తరాన ఉన్న ఉయ్‌గుర్ల రాజు బోగు కగాన్ ఈ మతం తీసుకుని దాన్నే రాజ్య మతం చేశాడు. చరిత్రలో ఒక రాజ్యం మానీ మతాన్ని తన మతం అనుకున్నది అప్పుడే. ఉయ్‌గుర్ల గుర్రపు సైన్యం అంటే టాంగ్ రాజుల చైనాకి భయం, దాంతో చైనాలోనూ గుళ్లు వెలిశాయి. నాకు అర్థమైనంతలో అదే ఉరితాడైంది. 840లో కిర్గిజులు ఉయ్‌గుర్ రాజ్యాన్ని కూల్చారు, అండ పోయింది, 843లో చైనా చక్రవర్తి వుజోంగ్ ఈ మతస్థుల మీద పడ్డాడు. అప్పుడు చైనాలో ఉన్న జపాన్ భిక్షువు ఎన్నిన్ తన డైరీలో రాశాడు: మానీ సన్యాసుల తలలు గొరిగించి, బౌద్ధ భిక్షువుల బట్టలు తొడిగి, అప్పుడు చంపమని ఆజ్ఞ వచ్చిందట.

ఆ వాక్యం చదివాక రెండో రోజు గుళ్లో నిలబడ్డం కష్టమైంది. మొదటి రోజు గడ్డం, జుట్టు చూసి ఇదేం బుద్ధుడు అనుకున్నాను. రెండో రోజు ఆ భుజాల మీద జుట్టునే చూస్తూ ఉండిపోయాను. బట్ట బుద్ధుడిది, కూర్చున్న తీరు బుద్ధుడిది, కానీ జుట్టు గొరిగించలేదు, గడ్డం రెండు పాయలుగా అలాగే ఉంచారు. ఆ మారణకాండ తప్పించుకున్న హులు అనే గురువు ఒకాయన దక్షిణాన ఈ గుడి ఉన్న ఫూజియన్ రాష్ట్రానికి పారిపోయి వచ్చాడు, జిన్‌జియాంగ్ పక్కనున్న పాత రేవు పట్నం చువాన్‌జౌ ఉత్తరపు కొండ కింద ఆయన్ని సమాధి చేశారని ఇక్కడి స్థానిక చరిత్రలో ఉంది. ఆయన తెచ్చిన దీపం ఐదొందల ఏళ్లకి చెన్ జెన్‌జె చేతిదాకా వచ్చింది.

ఐదొందల ఏళ్లూ సుఖంగా గడవలేదు. సాంగ్ అధికారులు వీళ్లని "కూరాకు తిని దయ్యాన్ని కొలిచేవాళ్లు" అన్నారు. మానీ పేరులోని అక్షరం తీసేసి, అదే పలుకున్న దయ్యం అక్షరం పెట్టి ఎగతాళి చేశారు. వీళ్ల పేరు మింగ్ మతం, అంటే వెలుగు మతం. యువాన్ల తర్వాత వచ్చిన రాజవంశం పేరు కూడా మింగే, రాజుల పేరు మీకెందుకని ఆ మతాన్నే నిషేధించారు. అయినా 1445లో ఇక్కడి బండ మీద, శుద్ధి, వెలుగు, మహాశక్తి, జ్ఞానం, పరమ సత్యం అంటూ మానీని తలుచుకోమని పదహారు అక్షరాల జపం ఎవరో చెక్కించారు. ఇప్పుడు కనపడేది మళ్లీ చెక్కించినది, పాతది పోయింది. 1979లో గుడి ముందు తవ్వితే నల్ల గ్లేజు గిన్నె దొరికింది, లోపల "వెలుగు మత సంఘం" అని మూడు అక్షరాలు. అందరూ కలిసి తిన్న గిన్నెలు. కూరాకు తింటారని తిట్టించుకున్నవాళ్ల కంచం అది.

నేను నిలబడి ఉండగా ఒక ముసలావిడ అగరొత్తులు వెలిగించి దణ్ణం పెట్టుకుంటోంది. ఫోన్‌లో అనువాదం పెట్టి "బుద్ధుడేనా అమ్మా" అని అడిగాను. ఆమె తల అడ్డంగా ఊపి "మోనీ, మోనీ" అంది, ఆ పేరు నాకు అర్థమైందో లేదో చూడటానికి ఇంకోసారి నెమ్మదిగా అంది. ఆమెకి వెలుగు, చీకటి కథ తెలిసి ఉండకపోవచ్చు, పక్కనున్న సునెయ్ ఊళ్లో గ్రామదేవతల మధ్య మానీ కూడా ఒక దేవుడు, పంటకీ పిల్లలకీ మొక్కుకుంటారు. కానీ పేరు తప్పు పలకలేదు. ముందు రోజు డబ్బిచ్చి తెచ్చుకున్న గైడ్ చెప్పలేని ఒక్క మాట ఆమె ఊరికే చెప్పింది.

మన వైపు వాళ్లకి ఒక సంగతి. మార్కో పోలో మన మోటుపల్లి గురించి, అక్కడ పాలించే రాణి గురించి రాశాడని చిన్నప్పటి నుంచీ వింటాం కదా, ఆ మార్కో పోలోనే ఈ చువాన్‌జౌ రేవు గురించీ రాశాడు. అదే ఫూజియన్‌లోని ఫూజౌలో, ఏ మతమో చుట్టుపక్కల ఎవరికీ తెలియని ఒక జనాన్ని కలిశానని, చూస్తే క్రైస్తవుల్లా ఉన్నారని ఆయన పుస్తకం ఒక ప్రతిలో ఉంది. వాళ్లు మానీ మతస్థులే అయి ఉంటారని చాలామంది పండితుల మాట. చువాన్‌జౌలో టైముంటే కైయువాన్ గుడికి కూడా వెళ్లండి, అక్కడ వెనక వైపు స్తంభాల మీద మన విష్ణుమూర్తి, నరసింహుడు కనపడతారు, తమిళ వర్తకులు కట్టించిన గుడి తాలూకు రాళ్లు. ఈ ఊళ్లో 1281 నాటి తమిళ శాసనం కూడా దొరికింది.

వెళ్లాలనుకునేవాళ్లకి: షియామెన్ నుంచి జిన్‌జియాంగ్‌కి రైల్లో గంటలోపే. అక్కడి నుంచి ట్యాక్సీ. చైనీస్ అక్షరాల్లో గుడి పేరు ఫోన్‌లో పెట్టుకుని డ్రైవర్‌కి చూపించండి, నోటితో చెబితే అర్థం కాదు. 2021 నుంచి చువాన్‌జౌ యునెస్కో జాబితాలో ఉంది, ఆ ఇరవై రెండు చోట్లలో ఇదొకటి, కాబట్టి ఆ జాబితాలో వెతికినా దొరుకుతుంది. పొద్దున్నే వెళ్తే జనం ఉండరు. గైడ్‌ని మాట్లాడుకుంటే ముందే ఒక ప్రశ్న అడగండి, "మానీ ఎవరు?" అని. జవాబు రాకపోతే కారు మాత్రం తీసుకోండి. కనీసం గంటన్నర ఉంచుకోండి, అందులో అరగంట ముఖానికీ చేతులకీ. శాకాహారులు తిండి వెంట తీసుకెళ్లడం మంచిది. నేను తిరిగి వచ్చే దారిలో ట్యాక్సీ ఆపించి కర్బూజా కోయించుకున్నాను, రోడ్డు పక్కనే నిలబడి తిన్నాను, చాలా తియ్యగా ఉంది.

వచ్చే మార్చిలో మళ్లీ వెళ్తాను, ఈసారి మా క్వారీలో బొమ్మలు చెక్కే మేస్త్రీని కూడా వెంటబెట్టుకుని. ఆ బట్ట ముడి దగ్గర ఉలి ఎటు నుంచి ఎటు నడిచిందో ఆయనైతే చూడగానే చెబుతాడు.